పాప పక్కన చోటు

బైండరు పోయిన సంగతి కాజాలావిడకి చెప్పడానికి ప్రెస్సు నుంచి ఇద్దరు వచ్చారు. ఒంటరిగా వచ్చే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ చాలలేదు. అప్పటికి ఉదయం పదిన్నర. ఆమె దర్జీ షాపు వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతోంది. వాళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఆమెకే అర్థమైంది.

"ఎక్కడ?" అని మాత్రం అడిగింది.

"కటింగు మిషను దగ్గరమ్మా. పుస్తకాల కట్ట సర్దుతూ అలాగే ముందుకి వాలిపోయాడు. డాక్టరు వచ్చేసరికే..."

సగం కుట్టిన కాజాని వదిలేస్తే పోగులు లేచిపోతాయి. ఆమె ఆ ఒక్కటీ పూర్తి చేసి, దారం తెంపి, సూదిని చొక్కా కాలరుకి గుచ్చి లేచింది. ఆ తరవాత చాలా రోజులు ఆ సంగతి గుర్తొచ్చి తనని తనే తిట్టుకుంది.

మొగుడూ పెళ్ళాలిద్దరినీ ఆ వీధిలో పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. ఆయన బైండరు, ఆమె కాజాలావిడ. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆరో ఏట జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. పదకొండేళ్ళయింది.

పాప పోయిన రోజు సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. అప్పుడు చర్చిలో ఉన్న ముసలి అయ్యగారు సంఘం చందా ఏడాదిన్నర బకాయి ఉందని, అది కట్టేదాకా సమాధుల తోట తాళం ఇవ్వనని కబురు చేశాడు. బైండరు ప్రెస్సు యజమాని కాళ్ళా వేళ్ళా పడి అప్పు తెచ్చి సాయంత్రం నాలుగింటికి కట్టాడు. తాళం ఇచ్చారు. అయ్యగారు మాత్రం అప్పటికే ఎవరిదో పెళ్ళి విందుకి బయల్దేరాడు. రేపు పొద్దున వస్తానన్నాడు. మండుటెండల రోజులు. పిల్లని రేపటిదాకా ఉంచే వీలు లేదు. బైండరే ప్రార్థన పుస్తకం తెరిచి, తడబడుతూ చదివి, పిల్లని మట్టిలో పెట్టాడు. తిన్నగా చర్చి ఆఫీసుకి వెళ్ళి ఆ పుస్తకాన్ని బల్ల మీద పడేసి వచ్చాడు. మళ్ళీ చర్చి గడప తొక్కలేదు.

ఆమె మాత్రం మానలేదు. వారం వారం వెళ్ళింది. ఆయన అడ్డు చెప్పలేదు. "నీ దేవుడితో నాకు తగువు లేదే, ఆయన గుమస్తాలతోనే" అనేవాడు. కిందటి ఏటి నుంచి మాత్రం కొత్త మాట పట్టుకున్నాడు. "నేను పోతే వాళ్ళ చేతిలో చిల్లిగవ్వ పెట్టకు. మున్సిపాలిటీ బండి పిలువు. ఊరి బయట శ్మశానంలో ఊరికే పెడతారు" అని. "నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా" అని ఆమె కసురుకునేది. అంతటితో ఆ మాట ముగిసేది.

ఆ మాటనే ఇప్పుడు ఆసుపత్రి వరండాలో మరిది ఎత్తుకున్నాడు. మరిది బడిపిల్లల్ని తిప్పే వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపి నేరుగా వచ్చాడు.

"మున్సిపాలిటీ వాళ్ళకి ఫోను చెయ్యనా వదినా?"

"వద్దు. తోటలోనే పెడదాం. పాప పక్కన."

"అన్నయ్య ఏం చెప్పాడో నీకు తెలీదా? నాతో వందసార్లు చెప్పాడు."

"నాతోనూ చెప్పాడు."

"మరి?"

"పాప ఒక్కతే ఉంది అక్కడ. పదకొండేళ్ళ నుంచి ఒక్కతే ఉంది. నేను పోయినా అక్కడే పెట్టండి. ముగ్గురం ఒకచోట ఉంటాం."

మరిది మొహం ఎర్రబడింది. "బతికినంత కాలం ఆయన మాట వినలేదు. కనీసం చచ్చాక అయినా వినవా?" అనేసి, అన్నందుకు తనే నొచ్చుకుని, తల దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె ఆ మాటకి ఏడవలేదు. ఏడిస్తే పని ఆగుతుంది. దర్జీ షాపు మాస్టరు దగ్గర మూడు నెలల జీతం ముందుగా తీసుకుని, చీర కొంగులో ముడేసుకుని, చర్చి ఆఫీసుకి నడిచింది.

ఆఫీసులో సెక్రటరీ ఉన్నాడు. ఒకప్పుడు లెక్కల మాస్టారు. మర్యాదస్తుడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, "పెద్ద కష్టం వచ్చిందమ్మా" అన్నాడు. ఆ తరవాత సొరుగులోంచి అచ్చు వేసిన కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పైన 'భూస్థాపన సేవలు' అని లావు అక్షరాలు. కింద వరసగా స్థలం, తవ్వకం, బండి, గంట, పాటల బృందం, అయ్యగారి కానుక. ఒక్కోదాని పక్కన అంకె.

ఆమె కాగితం చదివి, చివరి వరస మీద వేలు పెట్టింది. "కానుక అంటే మనకి ఇష్టమైతే ఇచ్చేది కదండీ?"

"ఇష్టంగానే ఇవ్వాలమ్మా. ఎంత ఇష్టంగా అన్నది మేమే రాసి పెట్టాం, మీకు ఆలోచించే ఇబ్బంది లేకుండా."

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అది సాయం అనుకుంటున్నాడు.

తరవాత బీరువాలోంచి లావుపాటి రిజిస్టరు తీశాడు. దాని వీపుకి అంటించిన ఎర్ర గుడ్డని ఆమె దూరం నుంచే గుర్తుపట్టింది. పాప పుట్టిన ఏడు బైండరు ఇంట్లో నేల మీద కూర్చుని కుట్టిన పుస్తకం అది. గది నిండా మైదా జిగురు వాసన. దేవుడి పని కదా అని కూలి కూడా తీసుకోలేదు. సెక్రటరీ పేజీలు తిప్పాడు. ఇన్నేళ్ళయినా ఒక్క కాగితం ఊడలేదు.

"మీ చందా సరిగ్గానే ఉందమ్మా. ఆయనది పదకొండేళ్ళ బకాయి."

"ఆయన అసలు రావడమే మానేశాడు కదండీ. పేరు తీసేయాల్సింది."

"తీసేస్తే ఇవాళ తోటలో చోటు ఉండేది కాదు. మేం దయ తలచి ఉంచాం. ఉంచాం కాబట్టే బకాయి."

"మనిషే రానప్పుడు..."

"మనిషి రాకపోవచ్చమ్మా. పేరు ఇక్కడే ఉందిగా."

ఆమె కొంగు ముడి విప్పింది. జీతం చాలలేదు. చేతి గాజులు రెండూ తీసి వీధి చివర తాకట్టు దుకాణంలో ఇచ్చి మళ్ళీ వచ్చింది. ఆ వెళ్ళి వచ్చే దారిలో మొగుడి గొంతు చెవిలో పోరుతూనే ఉంది. ఆమె దానికి జవాబు చెబుతూనే ఉంది. నీ కోపం నువ్వే ఉంచుకో, నాకు పాప కావాలి.

సెక్రటరీ రసీదు రాసి, ముద్ర వేస్తుంటే అడిగింది. "పాప పక్కనే కదండీ?"

"తోటలో చోటు ఉంటుందమ్మా. మీరేం దిగులు పడకండి."

ఆమెకి అది ఔనన్నట్టే వినపడింది.

పెట్టె ఫర్నిచరు షాపాయన దగ్గర కొంది. ఆయన సంఘ పెద్దల్లో ఒకడు. ఊళ్ళో పెట్టెలు ఆయన దగ్గరే దొరుకుతాయి. చెక్క ఏమిటో, పిడులు ఇత్తడివో కావో చాలాసేపు వివరించి, "మన సంఘం వాళ్ళకి నేను లాభం చూసుకోను" అన్నాడు. ఆమె అన్నిటికంటే చవకది చూపించమంది. ఆయన కొంచెం నిరాశపడ్డాడు.

మర్నాడు పదింటికి బండి సమాధుల తోట గేటు దగ్గర ఆగింది. ప్రెస్సు వాళ్ళు ఏడెనిమిది మంది, దర్జీ మాస్టరు, ఇరుగు పొరుగు ఆడవాళ్ళు నలుగురు. మరిది రాలేదు. అయ్యగారు తెల్ల అంగీలో, పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. వచ్చి ఏడాది కాని కుర్రాయన. పాటల బృందం ముగ్గురు, సెక్రటరీ, సంఘం తరఫున ఫర్నిచరు షాపాయన.

పెట్టెని భుజాల మీద ఎత్తుకున్నారు. ఆమె ముందు నడిచింది. పాప చోటు ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. గేటు నుంచి తిన్నగా వెళ్ళి, నీళ్ళ తొట్టి దాటాక ఎడమవైపు ఏడోది. ఏటా పాప పోయిన రోజున వచ్చేది. కిందటి ఏడు మాత్రం మోకాళ్ళు పట్టేసి రాలేకపోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే పెట్టె కుడివైపుకి మళ్ళుతోంది.

"అటు కాదు, ఇటు!" అని అరిచింది.

మోసేవాళ్ళు ఆగిపోయారు. గోతులు తవ్వే పెద్దాయన చేత్తో వెనక గోడ వైపు చూపించాడు. గోడకి ఆనుకుని, చెత్త పోసే మూల పక్కన తవ్విన గొయ్యి. అక్కణ్ణుంచి పాప దగ్గరికి తోట అంతా నడవాలి.

ఆమె పరుగులాంటి నడకతో పాప దగ్గరికి వెళ్ళింది. చిన్న సమాధికి అటూ ఇటూ ఉన్న ఖాళీ నేల చుట్టూ మోకాలెత్తు సిమెంటు గట్టు కట్టేసి ఉంది. గట్టుకి పలకరాయి. దాని మీద ఫర్నిచరు షాపాయన ఇంటి పేరు. ఆయనకీ, ఆయన భార్యకీ, ఇద్దరు కొడుకులకీ ముందుగా తీసి పెట్టుకున్న చోటు అది. ఆ నలుగురూ నిక్షేపంగా ఉన్నారు.

ఫర్నిచరు షాపాయన ఇబ్బందిగా దగ్గాడు. "డబ్బు కట్టే తీసుకున్నామమ్మా. నీళ్ళ తొట్టి దగ్గరని మా ఆవిడ ముచ్చటపడింది."

ఆమె సెక్రటరీ వైపు తిరిగింది. "పాప పక్కనే అన్నారు కదండీ."

"తోటలో చోటు అన్నానమ్మా. రసీదులో కూడా అదే రాశాను."

"నేను అడిగింది అది కాదు."

"అదే రాయించుకోవాల్సింది మరి."

అయ్యగారు చేతి గడియారం చూసుకుని, చూసుకున్నందుకు సిగ్గుపడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పెట్టె మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. అప్పుడు తవ్వే పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీ ఆయన ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చేవాడమ్మా. మీరంతా చర్చిలో పాడుతుంటే ఇక్కడ కూర్చునేవాడు. ఈ పక్కన ఒక మనిషి పడతాడా అని అడిగి, జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు కూడా. కిందటి ఏడు ఈ గట్టు కడుతున్నప్పుడూ ఇక్కడే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. సిమెంటు ఆరేదాకా కూర్చుని వెళ్ళిపోయాడు."

కిందటి ఏడు. మున్సిపాలిటీ బండి మాట ఆయన నోట మొదటిసారి వచ్చిందప్పుడే. ఆదివారాలు ఆయన టీ కొట్టు దగ్గర పేకాట చూస్తూ కూర్చుంటాడనుకుంది ఆమె. ఏనాడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"పాప సమాధే తెరిచి, ఆ పైన పెట్టొచ్చా?" అని పెద్దాయన్ని అడిగింది.

"పెట్టొచ్చమ్మా. పిల్లల పెట్టెని లోతుగానే పెడతాం. పైన చోటుంటుంది."

సెక్రటరీ అడ్డొచ్చాడు. "అలా కుదరదమ్మా. పాత సమాధి తెరవాలంటే కమిటీ ఒప్పుకోవాలి. దానికి రుసుం వేరే."

"కమిటీ అంటే ఎవరండీ?"

సెక్రటరీ మిగతా ఇద్దరి వైపు చూశాడు. కమిటీ అంటే ఆయన, అయ్యగారు, ఫర్నిచరు షాపాయన.

"ముగ్గురూ ఇక్కడే ఉన్నారుగా" అంది ఆమె. "రుసుం ఎంత?"

చెప్పాడు. ప్రెస్సు వాళ్ళలో ఒకడు నోరారా తిట్టాడు. ఇద్దరు జేబులు తడుముకున్నారు. ఆమె చెయ్యెత్తి వాళ్ళని ఆపింది.

"గంట ఇంకా కొట్టలేదుగా?"

"లేదమ్మా, పెట్టె దింపేటప్పుడు..."

"పాట పాడలేదుగా. ప్రార్థనా మొదలవలేదు. ఆ మూడిటి డబ్బూ తీసేసి సమాధి తెరవండి."

సెక్రటరీ నోరు తెరిచాడు. కానీ జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. తెరిచిన నోట్లోంచి జవాబు దానంతటదే వచ్చేసింది. "ఇంకా మూడొందలు మిగులుతాయి."

"అవి పెద్దాయనకి ఇవ్వండి. రెండో గొయ్యి తవ్వుతున్నాడు."

"ప్రార్థన లేకుండా పెడతారా అమ్మా?" ఫర్నిచరు షాపాయన గొంతులో నిజమైన భయం ఉంది. "మీరు ఒక్క ఆదివారం మానని మనిషి!"

"లేకుండానే పెడతాను."

అయ్యగారి మొహం చెవులదాకా ఎర్రబడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కాగితం ఆయన వేయించిందీ కాదు. ముందుకొచ్చి, "నాకేం ఇవ్వొద్దమ్మా. ఊరికే చేస్తాను" అన్నాడు.

ఆమె ఆయన వంక చూసింది. తనకి కొడుకుంటే ఆ వయసువాడు. జాలి వేసింది. ఆ జాలి గొంతుదాకా రాలేదు.

"ఊరికే చెయ్యాల్సిన రోజు ఒకటుండింది అయ్యగారూ. అప్పటికి మీరు రాలేదు, మీ తప్పు కాదు. ఇవాళ వద్దు. వెళ్ళిరండి."

ఆయన పుస్తకం మూశాడు. తరవాత ఒక్కడే గేటు వైపు నడిచాడు. పాటల వాళ్ళు, తమకి డబ్బు వస్తుందో రాదో తేలక, సెక్రటరీ వెంట వెళ్ళారు. ఫర్నిచరు షాపాయన పోతూ పోతూ గట్టు పగలగొట్టొద్దని పెద్దాయనకి చెప్పి మరీ వెళ్ళాడు.

తవ్వడానికి రెండు గంటలు పైనే పట్టింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇరుగు పొరుగు వాళ్ళు ఇంట్లో పిల్లలున్నారంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. ప్రెస్సు వాళ్ళలో ఇద్దరు మిగిలారు, నిన్న కబురు తెచ్చినవాళ్ళే. పన్నెండు దాటాక వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. మరిది దిగి, అక్కడ జరుగుతున్నది చూసి, ఏమీ అడక్కుండా చొక్కా విప్పి చెట్టుకి తగిలించి రెండో పార అందుకున్నాడు.

నడుం లోతు దాటాక పెద్దాయన పార ఆపేశాడు. వంగి చేత్తో మట్టి తడిమి, మళ్ళీ పొడి మట్టి చల్లి సర్ది పైకొచ్చాడు.

"ఇంక చాలమ్మా."

"కనపడిందా?"

"లేదమ్మా. ఏమీ కనపడలేదు."

ఆయన ఆమె కళ్ళలోకి చూడకుండా చెప్పాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

పెట్టె దింపేటప్పుడు ఆమె ప్రార్థన చెప్పబోయింది. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన మాటలే. అద్దె కట్టలేని రోజుల్లోనూ, పాప జ్వరంలోనూ, మెలకువలోనూ నిద్రలోనూ చెప్పుకున్న మాటలు. మొదటి ముక్క దగ్గరే నాలుక అంటుకుపోయింది. ఎంత ప్రయత్నించినా రెండో ముక్క రాలేదు. "తల వైపు కొంచెం పైకి, అన్నా... నెమ్మదిగా, నెమ్మదిగా" అని ప్రెస్సు కుర్రాడు తాడు వదులుతూ అన్నాడు. బైండరుకి దక్కిన వీడ్కోలు ఆ ముక్కే.

తిరిగి వచ్చేటప్పుడు మరిది ఆమెని వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వెనక చిన్న చిన్న సీట్లు, ఎవరో పిల్ల మరిచిపోయిన నీళ్ళ సీసా.

"నిన్న అలా అనకుండా ఉండాల్సింది వదినా" అన్నాడు మరిది.

"అన్నది నిజమే. ఆయన మాట నేనెప్పుడు విన్నాను?"

రోడ్డు వైపు చూస్తూ, పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పింది. పాపని పెట్టిన మూడో రోజు మొగుడికి తెలియకుండా ముసలి అయ్యగారి ఇంటికి వెళ్ళింది. మొగుడు పుస్తకం విసిరినందుకు క్షమించమని చేతులు పట్టుకుని అడిగింది. ఆ ముసలాయన గుమ్మంలోనే నిలబెట్టి, "సరేలే, దుఃఖంలో ఉన్నాడు" అని క్షమించాడు. ఆమె ఆయనకి థాంక్స్ చెప్పి వచ్చింది.

"థాంక్స్ చెప్పాను" అంది మళ్ళీ. "నా పిల్లని ఎండలో ఉంచినవాడికి. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం వడ్డించాను. పాపం, మీ అన్నయ్యకి తెలీదు."

మరిది గేరు మార్చాడు. "తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"నువ్వు వెళ్ళావని. అయ్యగారి వంటమనిషి కొడుకు ప్రెస్సులోనే పనిచేసేవాడు అప్పట్లో. ఆ వారమే చెప్పాడు."

ఆమె మరిది మొహంలోకి చూసింది. "నన్ను ఒక్కనాడూ అడగలేదే."

"అడగడు. 'దానికీ ఒక చోటు కావాలి కదరా, దాన్ని వెళ్ళనీ' అన్నాడు నాతో."

వ్యాను ఇంటి ముందు ఆగింది. ఆమె చాలాసేపు దిగలేదు. మరిది ఇంజను ఆపి, ఏం చెయ్యాలో తెలియక, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మూడున్నరకి పిల్లల్ని తీసుకురావాలి. అప్పటికే మూడు దాటింది.

"వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అని ఆమే చివరికి తలుపు తీసుకుని దిగింది.

ఆ ఆదివారం చర్చి గంట వినిపించినప్పుడు ఆమె అలవాటు కొద్దీ చీర మార్చుకుంది. మార్చుకుని మంచం మీద కూర్చుంది. రెండో గంట కొట్టారు. కోపం వచ్చింది. అయ్యగార్ల మీద, ఆ అచ్చు కాగితం మీద, గట్టు మీద, అన్నీ తెలిసి నోరు మెదపకుండా పోయిన మొగుడి మీద. పదకొండేళ్ళు ఆయన ఒక్కడే మోసిన కోపం అది. ఇప్పుడు పంచుకుందామంటే మనిషి లేడు.

పాటలు మొదలయ్యాయి. లేచి కిటికీ మూసింది.